‘వస్తాను’ అని చెప్పి వెళ్ళిపోయినవాడి జవాబు

విజయనగరం నుంచి ఒక యువకుడు మూడు సంగతులు అడిగారు. ఆయన పని చేస్తున్న సంస్థ వచ్చే నెలలో రెండేళ్ళ పని మీద ఆయనను జర్మనీలోని ఒక కర్మాగారానికి పంపుతోందట. అక్కడి పద్ధతులు తెలియక నలుగురిలో నవ్వులపాలు కాకుండా ఉండడం ఎలా అన్నది మొదటి ప్రశ్న. ఇదివరలో ఆరు నెలలు మలేషియాలో ఉండి వచ్చి, పండగనాడు ఇంట్లో అక్కడి కబుర్లు చెప్పబోతే, ఆయన మేనమామ “ఒక్కపాలి ఇమానం ఎక్కి దిగేసరికి మావోడికి మనం అగుపడ్డం మానేసినాం” అని అందరి ముందూ అనేశారట. గొప్పలు చెప్పుకున్నట్టు కాకుండా ప్రయాణపు సరదా కథలు చెప్పడం ఎలా అన్నది రెండవ ప్రశ్న. అక్కడివారికి ఇవ్వడానికి ఊరి నుంచి ఏమి పట్టుకెళ్ళాలన్నది మూడవది.

నాది సోంపేట దగ్గర ఒక పల్లె. డిప్లొమా చదివి, 1991 నుంచి 2017 వరకు సరుకు ఓడల ఇంజిన్ గదులలో పని చేసి, ఇప్పుడు శ్రీకాకుళంలో ఉంటున్నాను. ఇరవై ఆరేళ్ళలో నేను చేసిన పొరపాట్లన్నీ రాస్తే ఈ జవాబు సరిపోదు కనుక, మీ ప్రశ్నకు పనికొచ్చేవి మాత్రమే రాస్తాను.

మొదటి ప్రశ్నకు సూటిగా చెప్పాలంటే, నవ్వులపాలు కాకుండా ఉండడం ఎవరి వల్లా కాదు. అయితే మీరు భయపడుతున్న చోట కారు. పుస్తకాలకెక్కిన పెద్ద ఆచారాల విషయంలో మనం బయలుదేరక ముందే జాగ్రత్తపడతాం. జపాన్‌లో అన్నం గిన్నెలో తినే పుల్లలు నిలువుగా గుచ్చితే అది చనిపోయినవారి ముందు పెట్టే అన్నంలా ఉంటుందని, థాయిలాండ్‌లో ముద్దొచ్చిన పిల్లవాడి తలైనా సరే నిమరకూడదని ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. ఒకవేళ పొరపాటు చేసినా పరాయివాడు కదా అని వాళ్ళే సర్దుకుపోతారు. మనిషి నిజంగా బోల్తా పడేది ‘అవును’, ‘కాదు’, ‘వద్దు’, ‘వస్తాను’, ‘ఎన్నింటికి’ అనే చిన్న మాటల దగ్గర. ఆ మాటలకు ఇంకొకచోట ఇంకొక అర్థం ఉండవచ్చుననే అనుమానమే మనకు రాదు కనుక, వాటి విషయంలో ఏ జాగ్రత్తా పడం.

1996లో మా ఓడ సోడా యాష్ అనే రసాయనపు పొడి ఎత్తుకోవడానికి నల్లసముద్రం ఒడ్డున ఉన్న వార్నా రేవులో ఆగింది. సాయంత్రం ఒడ్డుకు దిగి రొట్టెల దుకాణానికి వెళ్ళాను. అరలు ఖాళీగా ఉన్నాయి. చేతులతో రొట్టె ఆకారం చేసి చూపించి, ఉందా అన్నట్టు ముఖం పెట్టాను. దుకాణం ఆవిడ తల కిందికీ పైకీ గట్టిగా ఆడించింది. లోపలి నుంచి తెస్తుంది కాబోలు అనుకుని నిలబడ్డాను. ఆవిడ కదలలేదు. నేను డబ్బు తీసి చూపించాను. ఆవిడ మరింత గట్టిగా తల ఆడించింది. నేనూ సంతోషంగా తల ఆడించాను. ఇలా ఇద్దరం ఒకరికొకరు గంగిరెద్దులలా తల ఊపుకుంటూ చాలాసేపు ఉన్నాక, ఆవిడ విసుగెత్తి తలుపు మీద తెర లాగేసింది. మరునాడు ఇంకొక దుకాణానికి వెళ్ళి అలాగే అడిగితే, అక్కడి అమ్మాయి తల అడ్డంగా ఊపింది. ఈ ఊళ్ళో రొట్టెకు కరువొచ్చినట్టుందని వెనుదిరిగాను. ఆ అమ్మాయి రొట్టె పట్టుకుని వీధిలోకి వచ్చి మరీ పిలిచింది.

బల్గేరియాలో తల కిందికీ పైకీ ఆడిస్తే కాదని, అడ్డంగా ఊపితే అవునని మా ఓడ ఏజెంటు చెప్పేవరకు నాకు తెలియలేదు. తెలిశాక ఒక వింత కూడా గమనించాను. మన వైపు ‘సరేలెండి’ అనడానికి తల అటూ ఇటూ తేలికగా ఊపుతామే, ఆ ఊపు వాళ్ళ అవునుకు చాలా దగ్గర. ఇంగ్లాండులో, అమెరికాలో మా తల ఊపు చూసి అది అవునో కాదో తేల్చుకోలేక అవస్థపడేవారు. వార్నాలో మాత్రం శ్రీకాకుళం ఊపు చక్కగా చెల్లింది. కథ అక్కడితో తీరిపోతే బాగుండేది. మూడవనాడు రేవు గుమాస్తా ఒకాయన నేను పరాయివాడినని మర్యాదకు తన ఊపును తిప్పి మనలా ఊపారు. నేనేమో వాళ్ళ దేశానికి మర్యాదగా నా ఊపును తిప్పి వాళ్ళలా ఊపాను. ఇద్దరి మర్యాదా కలిసి మొదటిరోజు గందరగోళమే మళ్ళీ వచ్చింది. అందుకని తలను నమ్మడం మానేసి, అవునుకు ‘దా’, కాదుకు ‘నే’ అనే మాటలు నేర్చుకున్నాను. ఆ ‘నే’ పట్టుకుని ఓడ ఎక్కితే, మా చీఫ్ ఇంజనీరు గ్రీకు దేశస్థుడు. గ్రీకులో ‘నే’ అంటే అవును.

ఓడ మీదైనా ఇదే తంటా. మా ఇంజిన్ గదిలో ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన ఆయిలర్, అంటే యంత్రాలకు నూనె వేసే పనివాడు, ఒకతను ఉండేవాడు. తరువాత నాకు ప్రాణస్నేహితుడయ్యాడు. కొత్తలో ఒకసారి “ఆ వాల్వ్ మూశావా?” అని అరిచి అడిగాను. అతను కనుబొమ్మలు పైకెగరేశాడు. మనకు కనుబొమ్మలు ఎగరేస్తే ‘ఏమిటి?’ అని అర్థం కదా, వినబడలేదు కాబోలని మరింత గట్టిగా అడిగాను. మళ్ళీ ఎగరేశాడు. నాలుగవసారికి నా గొంతు పోయింది, అతని సహనమూ పోయింది. వాళ్ళకు కనుబొమ్మలు ఎగరేయడం అంటే ‘అవును’. మొదటిసారే మూశానని చెప్పాడు. దగ్గరలో ఉన్న వస్తువును చూపించడానికి వాళ్ళు వేలు కాక మూతి ముందుకు చాపి చూపిస్తారు. రెండు చేతులకూ గ్రీజు ఉన్నప్పుడు అంతకంటే మంచి పద్ధతి లేదని నేను కూడా అలవాటు చేసుకున్నాను. సెలవుకు ఇంటికి వచ్చినప్పుడు ఆ అలవాటు వల్ల మా ఆవిడ దగ్గర మాట పడ్డాను, అది వేరే సంగతి.

ఓడల మీద ఇలాంటివి నవ్వుతో పోవు, ప్రమాదాలకు దారితీస్తాయి. అందుకే అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 2001లో ఓడల మీద వాడవలసిన ప్రామాణిక ఇంగ్లీషు వాక్యాలను ఆమోదించింది. ఆ పద్ధతిలో ప్రశ్నకు ఊరికే అవునని సరిపెట్టకూడదు, విషయాన్ని కూడా తిరిగి పలకాలి. వాల్వ్ మూశావా అంటే ‘అవును, వాల్వ్ మూశాను’ అనాలి. మీరు కర్మాగారంలో పని చేయబోతున్నారు కనుక ఈ ఒక్క అలవాటు చేసుకోండి. తల, కనుబొమ్మలు, మూతి, చేతివేళ్ళు ఏమి చెప్పినా నమ్మకుండా, నోటితో పూర్తి వాక్యం చెప్పండి, ఎదుటివారి చేత చెప్పించుకోండి.

ఇక ‘వద్దు’ అనే మాట. ఇది మనవాళ్ళకు అన్నిటికంటే గట్టి పరీక్ష. ఇరాన్‌లోని బందర్ అబ్బాస్ రేవులో ఒకసారి ఊరు తిరిగి, టాక్సీలో రేవు గేటు దగ్గర దిగి ఎంతయిందని అడిగాను. డ్రైవరు గుండె మీద చెయ్యి వేసుకుని ‘ఖాబెలీ నదారే’ అన్నాడు. దానికంత విలువ లేదు అని ఆ మాటకు అర్థమని తెలిసి, ఎంత గొప్ప మనసు అనుకున్నాను. ఎంత బతిమాలినా అతిథి దగ్గర డబ్బు పుచ్చుకోడేమో, బలవంతపెట్టడం బాగుండదని నమస్కారం పెట్టి నడిచాను. గేటు దగ్గర కాపలా మనిషి నా వెనక్కి చూసి నవ్వడం మొదలుపెట్టాడు. తిరిగి చూస్తే డ్రైవరు, గుండె మీద వేసుకున్న చెయ్యి అలాగే ఉంచుకుని, నిలువుగుడ్లు వేసుకుని నిలబడి ఉన్నాడు. అది ‘తారొఫ్’ అనే మర్యాద. వాళ్ళు వద్దంటారు, మనం కాదు తీసుకోమనాలి, మళ్ళీ వద్దంటారు, మనం మళ్ళీ ఇవ్వాలి, అప్పుడు పుచ్చుకుంటారు. పరుగున వెనక్కి వెళ్ళి డబ్బు చేతిలో పెట్టాను. అప్పుడు కూడా అతను ఒకసారి వద్దనే అన్నాడు!

నిజానికి ఈ సంగతి నాకు ఎవరూ నేర్పనక్కరలేదు. మా ఇంటికి ఎవరు వచ్చినా “భోంచేసి ఎల్లండి” అని మా అమ్మ అనడం, “ఇప్పుడే తిన్నామమ్మా” అని వాళ్ళు అబద్ధమాడడం, “పోనీ మజ్జిగైనా పుచ్చుకోండి” అని అమ్మ అనడం, వద్దు వద్దంటూనే వాళ్ళు పీట మీద కూర్చోవడం చూస్తూ పెరిగినవాడిని. మొదటి ‘వద్దు’ మర్యాద, రెండవది మొహమాటం, మూడవదే అసలు జవాబు అన్న లెక్క మనకు ఉగ్గుపాలతో వచ్చింది. అదే లెక్క పరాయిభాషలో వినబడేసరికి పోల్చుకోలేకపోయాను.

దీనికి సరిగ్గా ఎదురు కథ హాంబర్గులో జరిగింది. మీరు జర్మనీ వెళ్తున్నారు కనుక దీన్ని కొంచెం నిదానంగా చెబుతాను.

2003లో మా ఓడ మరమ్మతుకు డ్రైడాక్ (ఓడను నీళ్ళు లేకుండా నిలిపే చోటు) ఎక్కినప్పుడు నన్ను ఏడు వారాలు పట్టణంలో గది తీసి ఉంచారు. అక్కడి వర్క్‌షాపు మేస్త్రీ, అరవై ఏళ్ళ పెద్దాయన, ఒక ఆదివారం కాఫీకి ఇంటికి రమ్మన్నారు. ఎన్నింటికని అడిగితే ‘హాల్ప్ ఫియర్’ అన్నారు. ఫియర్ అంటే నాలుగని, హాల్ప్ అంటే అర అని అప్పటికే నేర్చుకున్నాను. నాలుగు, అర, కలిపితే నాలుగున్నర. నాకు వచ్చిన నాలుగు జర్మన్ మాటలు ఇంత చక్కగా పనికొచ్చాయని మురిసిపోతూ, సరిగ్గా నాలుగున్నరకు, నిమిషం అటూ ఇటూ కాకుండా తలుపు కొట్టాను. ఆయన గడియారం చూశారు. జర్మన్‌లో హాల్ప్ ఫియర్ అంటే నాలుగింటికి దారిలో సగం, అంటే మూడున్నర. మనకు మూడు దాటిన అర ముఖ్యం, వాళ్ళకు నాలుగుకు మిగిలిన అర ముఖ్యం. గంటసేపు ఆ దంపతులు కాఫీ కెటిల్ మీద గుడ్డ కప్పుకుని కూర్చున్నారు.

లోపల బల్ల మీద రేగుపళ్ళ రకం పండు ముక్కలు పరిచిన పెద్ద కేకు ఉంది. ఆవిడ ఒక ముక్క కోసి నా వైపు చాచారు. ఆలస్యంగా వచ్చిన సిగ్గు ఒకటి, పుట్టిన ఊరి మర్యాద ఒకటి కలిసి, “అయ్యో వద్దండి, వద్దండి” అన్నాను. ఆవిడ తల పంకించి, ఆ ముక్కను భర్త పళ్ళెంలో వేసి, కేకు మీద మూత పెట్టేశారు. ఆ మూత ఇప్పటికీ నా కళ్ళ ముందు మెదులుతుంది. మధ్యాహ్నం నుంచి కేకు కోసమని ఏమీ తినకుండా వచ్చినవాడిని, ఇంకొకసారి అడుగుతారని కాఫీ మీద కాఫీ తాగుతూ గంటన్నర ఎదురుచూశాను. అడగలేదు. నేను వద్దన్నాను, ఆవిడ నా మాటకు విలువ ఇచ్చారు. అక్కడ మర్యాద అంటే అదే.

లేచి సెలవు తీసుకోబోయాను. మనం ఒకరి ఇంటి నుంచి వెళ్ళేటప్పుడు ‘పోతాను’ అనం కదా. అది అశుభం. ‘వస్తాను’ అంటాం. అదే అలవాటున, గుమ్మంలో నిలబడి “ఐ విల్ కమ్” అన్నాను. వెళ్ళబోతున్నవాడు వస్తానంటున్నాడేమిటని ఆయన ఒక్క క్షణం తెల్లబోయి, మరుక్షణం లోపలికి వెళ్ళి గోడ క్యాలెండరు తెచ్చి, కలం మూత తీసి “ఎప్పుడు?” అని అడిగారు. ‘వస్తాను’ అంటే వెళ్తున్నానని అర్థం అని, ఆకలి మీద, సగం సగం ఇంగ్లీషులో వివరించే ఓపిక నాకు లేకపోయింది. వచ్చే ఆదివారం అన్నాను. ఆయన ఆ తేదీ గడిలో అంకెలతో 15:30 అని పెద్దగా రాసి, నా ముఖం ముందు పెట్టి చూపించారు. ఆ మరుసటి ఆదివారం వెళ్ళి, మొదటి మాటకే ‘సరే’ అని రెండు ముక్కలు తిన్నాను.

ఆ ఒక్క మధ్యాహ్నంలోనే మీకు కావలసినదంతా ఉంది. సమయం ఎప్పుడూ 24 గంటల లెక్కలో, అంకెలతో రాయించుకోండి. తినాలని ఉంటే మొదటిసారే సరేననండి. ‘మళ్ళీ కలుద్దాం’, ‘ఒకసారి రండి’ వంటి మాటలు మనకు వీడ్కోలు, వాళ్ళకు ఏర్పాటు.

జర్మనీకి సంబంధించిన మిగతావి తొందరగా చెప్పేస్తాను. ఆదివారం దుకాణాలు దాదాపు అన్నీ మూసి ఉంటాయి, శనివారమే సరుకులు తెచ్చుకోవాలి. ఆదివారం గోడకు మేకు కొట్టడం, డ్రిల్లు వేయడం వంటివి చేస్తే పక్కింటివారు తలుపు తడతారు. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు కూడా అలాగే చప్పుడు చేయకూడదు. ఆదివారపు విశ్రాంతిని 1919 నాటి వైమార్ రాజ్యాంగంలోనే రాసుకున్నారు, ఇప్పటి రాజ్యాంగం కూడా ఆ వాక్యాన్ని అలాగే ఉంచింది. సరిగ్గా ఆ ఏడాదే మన విజయనగరంలో సంగీత కళాశాల మొదలైందని నాకు చాలాకాలం తరువాత తెలిసి నవ్వుకున్నాను. ఒక్కసారికే వాడే ప్లాస్టిక్ నీళ్ళ సీసాల మీద 25 సెంట్ల డిపాజిట్ ఉంటుంది. చిన్నప్పుడు గోలీసోడా సీసా తిరిగి ఇచ్చినట్టే దుకాణంలోని యంత్రానికి తిరిగి ఇవ్వాలి, పారవేయకూడదు. బండి ఏదీ రాకపోయినా నడిచేవారి ఎర్రదీపం దగ్గర ఆగాలి, లేకపోతే 5 యూరోల జరిమానా. పుట్టినరోజు శుభాకాంక్షలు ఒకరోజు ముందుగా చెప్పకండి, అది అశుభమని వాళ్ళ నమ్మకం. ‘పోతాను’ అనని మనకు అది అర్థం కానిది కాదు. వరుసలో నిలబడినప్పుడు ముందు మనిషికి, మీకు మధ్య ఖాళీ వదలండి. పైడితల్లమ్మ సిరిమాను నాడు నిలబడినట్టు నిలబడితే ఎవరూ ఏమీ అనరు కానీ, మీ ముందున్న మనిషి కొంచెం కొంచెంగా పక్కకు జరిగిపోతూ ఉంటారు.

ఇప్పుడు రెండవ ప్రశ్న. నిజం చెప్పాలంటే దీనికే నేను ఎక్కువ తప్పులు చేశాను.

మీ మేనమామ అన్న మాటకు నొచ్చుకోకండి, ఆయన చెప్పినదానిలో విషయం ఉంది. మీరు మలేషియా గురించి ఏమి చెప్పారో నాకు తెలియదు కానీ, నా మొదటి సెలవులో నేను ఏమి చెప్పానో గుర్తుంది. అక్కడి రోడ్లు ఇలా ఉంటాయి, ఇక్కడి రోడ్లు చూడండి అన్నాను. అక్కడ టీ ఇంత, మన డబ్బులో ఇంత అని లెక్కలు కట్టాను. విన్నవారికి నా కథలో నవ్వు కనబడలేదు. వాళ్ళ ఊరికి నేను పెట్టిన వంక మాత్రం కనబడింది. పోలిక, ధర ఈ రెండూ తీసేస్తే ప్రయాణపు కబుర్లలో గొప్పలు సగానికి పైగా పోతాయి. ఆ తరువాత మిగిలే కథలో తప్పు చేసినవాడు మీరే అయి ఉండాలి. పొరుగూరివాడు తెలివితక్కువగా కనిపించి మీరు తెలివిగా బయటపడే కథ, ఎంత నవ్వు పుట్టించినా, గొప్పల కిందికే వస్తుంది.

చెప్పే క్రమం గురించి ఒక మెలకువ ఉంది. ‘బల్గేరియాలో తల అడ్డంగా ఊపితే అవునని అర్థం, ఒకసారి ఏమైందంటే’ అని మొదలుపెడితే కథ అక్కడే చచ్చిపోతుంది. వినేవారికి జవాబు ముందే తెలిసిపోయింది, ఇక రొట్టెల దుకాణంలో నిలబడవలసిన అవసరం వాళ్ళకు లేదు. ఆచారం ఏమిటో దాచిపెట్టి, మీరు ఏమి చూశారో అది మాత్రమే చెప్పండి. వినేవారు కూడా మీతో పాటు తప్పులో కాలు వెయ్యాలి. వివరణ ఆ తరువాత రావాలి, అదీ ఒక్క వాక్యంలో. పైన నేను అలాగే చెప్పాను.

పెంచి చెప్పడం ఇంకొక జబ్బు. యొకొహామాలో ఒకసారి ఊరుమ్మడి స్నానశాలకు వెళ్ళాను. అక్కడ ముందుగా బయట పీట మీద కూర్చుని ఒళ్ళంతా శుభ్రంగా తోముకుని కడుక్కున్నాకే వేడినీళ్ళ తొట్టిలో దిగాలి, అదీ ఒంటి మీద బట్ట లేకుండా. నేను నడుముకు తువ్వాలు బిగించుకుని, వంశధారలో దూకినట్టు నేరుగా తొట్టిలో దిగాను. ఈ కథ మా అరుగు మీద చెప్పిన ప్రతిసారీ జనం పెరిగారు. మొదట ఐదుగురు నన్ను చూసి కేకలు వేశారు, తరువాత పదిమంది, చివరికి స్నానశాల యజమాని కర్ర పట్టుకుని వచ్చాడు. ఒకరోజు మా అబ్బాయి, అప్పటికి పదేళ్ళవాడు, “నాన్నా, పోయినసారి కర్ర లేదు కదా” అన్నాడు. జరిగిందేమిటంటే, ఆ వేళకు అక్కడ ఒక్క ముసలాయన మాత్రమే ఉన్నారు. ఆయన ఒక్క మాట కూడా అనకుండా తొట్టిలోంచి లేచి, ఒక చిన్న పీట తెచ్చి కుళాయి ముందు వేసి, తన బకెట్టు దాని పక్కన పెట్టి, తిరిగి వెళ్ళి తొట్టిలో కూర్చుని కళ్ళు మూసుకున్నారు. ఇప్పుడు ఇలాగే చెబుతున్నాను. కర్రకు నవ్వినవాళ్ళకంటే పీటకు నవ్వుతున్నవాళ్ళే ఎక్కువ.

అన్నిటికంటే సిగ్గుపడవలసినది ఇంకొకటి ఉంది. ఒక ఓడలో మా వంటాయన మాట తీరును అనుకరించి మెస్‌లో నవ్వించేవాడిని. ఆయన భాషలో ‘ఫ’కారం లేదు కనుక ఇంగ్లీషు ‘ఫిష్’ను ‘పిష్’ అనేవారు. నేను ఆయన గొంతుతో ఆ నాటి భోజనం పట్టీ అంతా చదివేవాడిని. ఒకనాడు నా వెనుక నిలబడి ఆయన విన్నారు. కోప్పడలేదు. ఆ రోజు నుంచి నా పళ్ళెంలో చేప తలకాయ రావడం మానేసింది. అది నాకు ఇష్టమని ఆయన ఒక్కరికే తెలుసు. అప్పుడు గుర్తొచ్చింది, కాలేజీ చదువుకు ఇతర జిల్లాలకు వెళ్ళిన మన పిల్లలు ‘ఏటి’, ‘నాను’ అన్నప్పుడల్లా గదిలో లేచే నవ్వు. సినిమాలలో పనిమనిషికి, దొంగకు, అమాయకుడికి మన యాస పెట్టి హాలంతా నవ్వుతుంటే, ఆ హాలులోనే కూర్చుని మనమూ నవ్వలేక నవ్విన నవ్వు. శ్రీకాకుళంవాడికి, విజయనగరంవాడికి ఈ పాఠం ఇంకెవరూ చెప్పనక్కరలేదు. అయినా నేను చేశాను. రెండు వారాల తరువాత ఓడ వంటగదిలోకి వెళ్ళి, మావాళ్ళ యాసను అందరూ ఎలా వెక్కిరిస్తారో ఆయనకు చేసి చూపించాను. ‘స్కూలు’ను ‘ఇస్కూలు’ అంటామని చెబితే ఆయన కడుపు పట్టుకుని నవ్వి, మరునాడు తలకాయ పెట్టారు.

అప్పటి నుంచి ఏ కథ చెప్పబోయినా, అందులోని పరాయి మనిషి మా అరుగు మీద నా పక్కనే కూర్చుని వింటున్నాడని అనుకుంటాను. ఆయన ఉండగా చెప్పలేని కథ ఆయన లేనప్పుడూ చెప్పను. ఇది ఊహ మాత్రమే అనుకునేవాడిని, ఒకసారి నిజంగానే జరిగింది. 2011లో మా అమ్మాయి పెళ్ళికి, ఆ కనుబొమ్మల నేస్తం వీసా తీసుకుని మా ఊరు వచ్చాడు.

పరాయి దేశంవాడు అరిటాకులో చేత్తో ఎలా తింటాడో చూద్దామని పంక్తి చుట్టూ పిల్లలు మూగారు. వాళ్ళ దేశంలోనూ అరిటాకు పరిచి చేత్తో అన్నం తినే అలవాటు ఉంది. అతను మా తమ్ముడి కొడుకు కంటే నేర్పుగా కలుపుకుని తింటుంటే పిల్లలు నిరాశపడి వెళ్ళిపోయారు. అసలు చిక్కు తరువాత వచ్చింది. పెట్టినది మిగల్చకూడదని వాళ్ళమ్మ నేర్పింది. ఖాళీ ఆకు కనబడితే వడ్డించకుండా ఉండకూడదని మా అమ్మ నమ్మకం. అతను ఆకు ఖాళీ చేయడం, అమ్మ వడ్డించడం, పనసపొట్టు కూర నాలుగు మార్లు, పులిహోర మూడు మార్లు అయ్యాక, “ఒరే, నీ నేస్తానికి ఓడలో తిండి ఎట్టరేటి? ఎంత ఏసినా తినేస్తన్నాడు” అని నా దగ్గరకు వచ్చి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అదే సమయానికి అతను నీళ్ళ కోసం, ఎదుటి వరుసలో మా పిన్ని పక్కన ఉన్న జగ్గు వైపు మూతి చాపి చూపించాడు. పిన్ని ముఖం చూసి నేను పరుగెత్తాను. ఆకు మడిస్తే చాలని అతని చెవిలో చెప్పేసరికి, అప్పుడే వడ్డించిన పాయసంతో సహా మడిచేశాడు.

ఆ రాత్రి అరుగు మీద అందరూ కూర్చున్నప్పుడు, వాల్వ్ కథ నేను చెప్పాను, ఆకు కథ అతను చెప్పాడు. అతని ఇంగ్లీషును మా తమ్ముడు తెలుగు చేశాడు. నా కథకు కంటే అతని కథకే మావాళ్ళు ఎక్కువ నవ్వారు, పిన్ని అందరికంటే ఎక్కువ నవ్వింది. ఇప్పటికీ మా ఇంట్లో కడుపు నిండిందని చెప్పాలంటే కనుబొమ్మలు ఎగరేసి ఆకు మడిచినట్టు చెయ్యి తిప్పుతారు. మీరు జర్మనీలో మిత్రులైన వారిని వీలున్నప్పుడు విజయనగరం పిలవండి. వాళ్ళు మన గురించి చెప్పే కథలు వినిపిస్తే, మీ మేనమామకు మీ కథల మీద కూడా నమ్మకం కలుగుతుంది.

మూడవ ప్రశ్నకు జవాబు చిన్నది. పాలు, మాంసం, వాటితో చేసినవి యూరప్‌లోకి తీసుకెళ్ళనివ్వరు కనుక పాలకోవా వంటివి పెట్టెలో పెట్టకండి. పచ్చి కరివేపాకు వంటి ఆకులకు ధ్రువపత్రం కావాలి, అది కూడా వద్దు. పొందూరు ఖద్దరు రుమాళ్ళు తేలికగా ఉంటాయి. నేను మాత్రం ఎప్పుడూ పలాస జీడిపప్పే పట్టుకెళ్ళాను. ఇచ్చే ముందు గింజలు పడనివారు ఇంట్లో ఎవరైనా ఉన్నారేమో అడగండి.

హాంబర్గు మేస్త్రీగారి ఇంటికి ఆ రెండవ ఆదివారం వెళ్ళినప్పుడు కూడా అరకిలో జీడిపప్పు పట్టుకెళ్ళాను. గదిలోని మిగతా పొట్లాలతో కలిసిపోకుండా దాని మీద మార్కరుతో ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో ‘గిఫ్ట్’ అని రాసుకున్నాను. ఆయన లోపల ఉన్నారు, తలుపు తీసినది ఆవిడ. ఆవిడకు ఇంగ్లీషు రాదు. రెండు చేతులా పొట్లం అందించాను. ఆవిడ దాని మీది మాట చదివి, నా ముఖం చూసి, మళ్ళీ చదివి, పొట్లాన్ని వేళ్ళ కొసలతో పట్టుకుని భర్తను కేకేశారు. జర్మన్‌లో ఆ మాటకు విషం అని అర్థం. పోయినవారం కేకు పెట్టనందుకు ఇంత పగ పట్టానా అని మేస్త్రీగారు నవ్వి నవ్వి, పొట్లం విప్పి, మొదటి గుప్పెడు నా చేతిలోనే పోసి నన్ను ముందు తినమన్నారు. మీరు పొట్లం మీద ఏమైనా రాయదలిస్తే జీడిపప్పు అనే రాయండి.